ముందు ఎక్కడ ఆగుతోందో చూడు బాబూ

వీరమ్మ తల్లి తిరునాళ్ల పదిహేను రోజులూ అయిపోయి, ఉయ్యూరు రోడ్ల మీద జనం పలచబడి, మళ్లీ చెరకు ట్రాక్టర్లే కనపడుతున్న రోజులండి. మా కుర్రాడొకడు పొద్దున్నే ఇంటికొచ్చాడు. నా దగ్గర మూడేళ్లు ఎడిటింగ్ నేర్చుకుని, ఇప్పుడు సొంతంగా పెళ్లి వీడియోల పని చూసుకుంటున్నాడు.

"బాబాయ్, బెజవాడ వెళ్దాం వస్తారా? గ్రాఫిక్స్ కార్డు కొనాలి" అన్నాడు, ఇచ్చిన కాఫీ కూడా ముట్టుకోకుండా.

"ఇప్పుడున్నదానికి ఏమైందిరా?"

"టైమ్‌లైన్ స్ట్రక్ అవుతోంది బాబాయ్. ప్లే కొడితే రెండు సెకన్లు నడిచి ఆగిపోతోంది. నిన్న తలంబ్రాల బిట్టు ఒక్కటి కట్ చేయడానికి పూటంతా పట్టింది. ఎవర్ని అడిగినా కార్డు మార్చమంటున్నారు."

ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదండి. ఉయ్యూరులో, పామర్రులో, గుడివాడలో, బందరులో ఈ పని చేసే పిల్లలందరి నోటా ఇదే. సిస్టమ్ నెమ్మదిస్తే కార్డు, రెండరింగ్ లేటయితే కార్డు. అప్పు చేసి మరీ కొన్నవాళ్లున్నారు. కొన్నాక కూడా బొమ్మ అక్కడే ఆగితే ఆ పిల్లల ముఖం చూడలేం. అందుకే ఈసారి మన ముచ్చట దీని గురించే.

"కార్డు వద్దనట్లేదు. ముందు నీ సిస్టమ్ దగ్గర కూర్చుందాం పద" అని వాడి గదికి వెళ్లా. ఆగుతున్న ఆ తలంబ్రాల బిట్టే ప్లే చేయమన్నా. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది కదా, అందులో పెర్ఫార్మెన్స్ అనే పేజీ తీయించా. చూస్తే ప్రాసెసర్ నూటికి నూరు. గ్రాఫిక్స్ కార్డు పదికి అటూ ఇటూ. ఆ కార్డు గ్రాఫుల్లోనే వీడియో డీకోడ్ అని ఒకటుంటుంది, అదైతే సున్నా దగ్గర పడుకుని ఉంది.

"చూశావా? నువ్వు మార్చాలనుకుంటున్న కార్డు అసలు పనే చేయట్లేదు. పనంతా ప్రాసెసర్ నెత్తిన పడింది. ఎందుకో తెలుసుకోకుండా ఇంకో కార్డు తెస్తే అదీ ఇలాగే కూర్చుంటుంది."

ఎందుకంటే, వాడికి రెండు సోనీ ఏ7 ఫోర్ కెమెరాలున్నాయి. ఎవరో చెప్పారని రెండు కెమెరాల్లోనూ 4:2:2, 10 బిట్ సెట్టింగు పెట్టుకున్నాడు. మన కన్ను వెలుగులో తేడాని పట్టినంత చురుగ్గా రంగులో తేడాని పట్టదండి. అందుకని కెమెరాలు రంగు సమాచారాన్ని తగ్గించి దాస్తాయి. 4:2:0లో నాలుగు చుక్కలకి కలిపి ఒక రంగు లెక్క రాసుకుంటాయి, 4:2:2లో రెండు చుక్కలకి ఒకటి. రంగులు దిద్దుకోవడానికి రెండోదే మంచిది, కాదనను. కానీ ఆ ఫైలుని విప్పి చూపించే చిప్పు మన సిస్టమ్‌లో ఉండాలి కదా! వాడి దగ్గరున్న జీటీఎక్స్ 1650కి 4:2:2 విప్పడం రాదు. వాడు కొనాలనుకున్న ఆర్‌టీఎక్స్ 4060కీ రాదు. 30 సిరీస్, 40 సిరీస్ రెండింటిలోనూ అది లేదు. ఎన్విడియావాళ్లు 2025లో తెచ్చిన 50 సిరీస్‌తోనే ఆ సదుపాయం వచ్చింది. ఇంటెల్ ప్రాసెసర్లలో 11వ తరం నుంచి లోపలుండే గ్రాఫిక్స్‌కి హెచ్.265లో తీసిన 4:2:2 వచ్చు. మనవాడిది 10వ తరం, అదీ 10400ఎఫ్. చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. నాలుగు డబ్బులు తగ్గుతాయని చాలామంది ఎఫ్ మోడలే తీసుకుంటారు. ఎడిటింగ్ చేసేవాడు ఆ పొదుపు చేయకూడదండి. ఎడియస్, ప్రీమియర్ రెండూ ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌ని బాగా వాడుకుంటాయి. డావిన్చీ రిజాల్వ్ సంగతి వేరు, అది రంగుల పనంతా కార్డు మీదే వేస్తుంది. దాంట్లో పనిచేసేవాడికి మంచి కార్డు నిజంగానే అవసరం. ఎవరు ఏ సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నారో అడక్కుండా "ఈ కార్డు కొను" అని సలహా ఇచ్చేవాళ్లని నమ్మకండి.

"మరిప్పుడు ఏం చేయమంటారు బాబాయ్?"

"కెమెరా తీసుకురా."

మెనూలోకి వెళ్లి 4కేలోనే 4:2:0, 8 బిట్, 100 ఎంబీపీఎస్ పెట్టించా. పైసా ఖర్చు లేదు. ఆ సెట్టింగులో తీసిన కొత్త బిట్టుని పాత కార్డే సుఖంగా విప్పింది, బొమ్మ ఆగకుండా నడిచింది. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, వ్రతం, అప్పగింతలు... మండపంలో లైట్లు వేసి తీసే ట్రెడిషనల్ వీడియోకి అది చక్కగా సరిపోతుంది. చివరికి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేదీ, అమెరికాలో ఉన్నవాళ్లు యూట్యూబ్‌లో చూసేదీ 4:2:0నే. హంసలదీవిలోనో మంగినపూడిలోనో పొద్దుగుంకే వేళ ప్రీ వెడ్డింగ్ తీస్తున్నావు, ఆకాశం రంగులు తర్వాత దిద్దుకోవాలి. అక్కడ పెట్టుకో 10 బిట్. 8 బిట్‌లో దిద్దితే ఆకాశం చారలు చారలుగా వస్తుంది. ఆ కాస్త ఫుటేజ్‌కి ప్రాక్సీలు చేసుకుంటే సరి. రాత్రి పడుకోబోయే ముందు చిన్న నకళ్లు తయారుచేయమని సిస్టమ్‌కి చెప్పేసి, పొద్దున వాటి మీద కటింగ్ చేసి, రెండరింగ్‌లో అసలు ఫైళ్లు తగిలించుకోవడమే. సాఫ్ట్‌వేర్‌లో ఇదంతా ఉంది, వాడేవాళ్లే తక్కువ.

ఇక్కడ ఇంకో లెక్క చూడండి. వాడి పాత సెట్టింగు 140 ఎంబీపీఎస్, అంటే గంటకి 63 జీబీ. కొత్తది గంటకి 45. రెండు కెమెరాలు ఆరేసి గంటలు తిరిగితే అప్పుడు 756 జీబీ, ఇప్పుడు 540. ఒక్కో పెళ్లికి 216 జీబీ మిగిలింది.

బొమ్మ నడుస్తోంది కదా అని వాడు లేవబోయాడు. కూర్చోమన్నా. రెండు కెమెరాల కొత్త బిట్లూ, డ్రోనూ, క్యాండిడ్ కెమెరా నాలుగూ కలిపి మల్టీక్యామ్ పెట్టమన్నా. మళ్లీ ఆగింది. ఈసారి ప్రాసెసర్ బాగానే ఉంది, హార్డ్ డిస్కు గీత నూరుకి కొట్టుకుంది. ఫుటేజ్, క్యాష్, పాటలు, రెండరయ్యే ఫైలు అన్నీ ఒకే హార్డ్ డిస్కులో పెట్టాడు. హార్డ్ డిస్కుకి సెకనుకి 150 ఎంబీ పైన చదివే శక్తి ఉంది, నాలుగు కెమెరాలకి కలిపి 60 చాలు. కాగితం మీద సరిపోవాలి. కానీ లోపల చదివే ముల్లు నాలుగు చోట్లకి పరిగెత్తాలి కదండీ. భోజనాల దగ్గర నాలుగు బంతులకి ఒక్కడే వడ్డిస్తే ఏమవుతుంది? గుండిగ నిండా పప్పున్నా విస్తళ్లు ఖాళీగానే ఉంటాయి. ఎస్ఎస్‌డీలో ముల్లూ లేదు, తిరగడమూ లేదు. మామూలు సాటా ఎస్ఎస్‌డీ 500 పైన ఇస్తుంది, ఎన్‌వీఎంఈ అయితే వేలల్లో ఇస్తుంది. పెళ్లి పనికి సాటా ఉన్నా గడుస్తుంది. నడుస్తున్న ప్రాజెక్టు ఎస్ఎస్‌డీలో ఉండాలి, డెలివరీ అయిపోయాక హార్డ్ డిస్కులోకి వెళ్లిపోవాలి. మరీ చవక ఎస్ఎస్‌డీలు మొదట గబగబా రాసుకుని, కాపీ పెద్దదయ్యేసరికి నీరసపడిపోతాయి. అది చూసుకుని కొనాలి.

కాపీ అంటే గుర్తొచ్చింది. వాడి కార్డు రీడరు సిస్టమ్ ముందువైపున్న పాత యూఎస్‌బీ 2 పోర్టుకి పెట్టి ఉంది. అందులో 540 జీబీ ఎక్కడానికి నాలుగు గంటల పైనే పడుతుంది. వెనకాల నీలం పోర్టుకి మార్చాం. మెమరీ కార్డులు వేగమైనవైతే గంటన్నర లోపే అయిపోతుంది.

నాకు మనసులో పెద్ద బాధ ఉన్నది ఈ తర్వాతి విషయం మీదండి. "మొన్నటి పెళ్లి డేటా ఎన్ని చోట్ల ఉంది?" అని అడిగా. "ఈ డిస్కులోనే బాబాయ్" అన్నాడు. మెమరీ కార్డులు ఫార్మాట్ అయిపోయాయి, అవి ఇంకో పెళ్లికి వెళ్లిపోయాయి.

మేం మినీ డీవీ టేపులతో చేసేటప్పుడు గంట టేపు సిస్టమ్‌లోకి ఎక్కడానికి గంట పట్టేది. గంటకి 13 జీబీ. విసుగే. కానీ ఎక్కించాక కూడా ఆ టేపు బీరువాలో ఉండేది. డిస్కు పోయినా పెళ్లి పోయేది కాదు. మేమేదో జాగ్రత్తపరులమని కాదు, ఆ పద్ధతిలోనే రెండో కాపీ ఉంది. ఇప్పుడు కార్డు తుడిచేస్తున్నాం కాబట్టి ఆ రెండో కాపీ మనం చేతులారా చేసుకోవాలి.

మా చుట్టాలు దివిసీమలో ఉన్నారు. వాళ్లింట్లో 1977 నవంబర్ 19కి ముందుది ఒక్క ఫోటో లేదండి. ఉప్పెనలో ఇల్లే పోయింది, ఇక ఫోటోలెక్కడ! మా పెద్దమ్మ తన పెళ్లి ఎలా జరిగిందో చెప్పేదే తప్ప చూపించలేకపోయేది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఒకే గదిలో, ఒకే బల్ల మీద రెండు డిస్కులు పెట్టుకుంటే ఆ నీళ్లకి రెండూ ఒకటే. ఒకటి షాపులో ఉంటే రెండోది ఇంట్లో ఉండాలి, అదీ అటక మీద. రెండు చోట్లకీ డేటా చేరి, తెరిచి చూసుకున్నాకే కార్డు ఫార్మాట్ కొట్టాలి. ప్రీ వెడ్డింగ్ కావాలంటే ఇంకోసారి తీసుకోవచ్చు, తాళి కట్టేది ఒక్కసారే.

కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా? ఎండాకాలం సాయంత్రం వోల్టేజీ పడిపోతుంది, గాలివాన వస్తే రెప్పపాటులో పోయి వస్తుంది. 2025 అక్టోబర్‌లో మొంథా తుపాను నాడు ఎలా ఉందో అందరం చూశాం. డిస్కు రాసుకుంటున్నప్పుడు కరెంటు పోతే ఫైలే కాదు, డిస్కూ పాడవచ్చు. మంచి యూపీఎస్, పేరున్న ఎస్ఎంపీఎస్, సరైన ఎర్తింగ్. ఈ మూడూ లేని గదిలో ఖరీదైన కార్డు పెట్టడం నాకు మనసొప్పదు. బందరు వైపు ఉప్పుగాలికి ర్యామ్ కాళ్లు నల్లబడతాయి. సిస్టమ్ ఆన్ కాకపోతే ముందు ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచి చూడండి, ఆ తర్వాతే మెకానిక్‌ని పిలవండి.

ర్యామ్ వాడికి 16 ఉంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వాడితే 32 కావాలి, వాడు పెద్దగా వాడడు. పైగా 2025 చివర నుంచి ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి. కంపెనీలు చిప్పుల్ని ఏఐ డేటా సెంటర్లకి మళ్లించాయి. మెమరీ గీత తొంభై దాటుతుంటేనే కొనండి, 64 జోలికి ఇప్పుడు వెళ్లకండి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇంటెల్‌లో 8వ తరం కంటే పాతదైతే విండోస్ 11 లెక్కలోకి రాదు. అలాంటి సిస్టమ్ మీద డబ్బు పెట్టొద్దు, మొత్తం మార్చేటప్పుడే పెట్టుకోండి.

మధ్యాహ్నం భోజనం చేసి ఇద్దరం బెజవాడ బస్సెక్కాం. వాడు తెచ్చుకున్న డబ్బుతో ఒక ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, రెండు పెద్ద హార్డ్ డిస్కులు, ఒక యూపీఎస్ వచ్చాయి. జీఎస్టీ బిల్లు తీసుకుని, సీరియల్ నంబర్లు బిల్లు మీద రాయించాం. కార్డు కొనలేదు. షాపులో ఆ కార్డు పెట్టె చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసుకున్నాడు, పాపం. తిరిగొచ్చేటప్పుడు కంకిపాడు దాటాక "మరి కార్డు ఎప్పుడు బాబాయ్" అని అడిగాడు.

"రిజాల్వ్ నేర్చుకో, రంగుల పని పెరగనీ. అప్పుడు 4:2:2 విప్పగలిగేదే చూసి తీసుకుందాం" అన్నా.

మీకూ అదే చెబుతున్నా. సీజన్ మధ్యలో సిస్టమ్ విప్పకండి. మీ దగ్గర ఎవరి పెళ్లైనా ఒక్క డిస్కులోనే ఉంటే ఇవాళే రెండోది తెచ్చి కాపీ పెట్టండి. కార్డు సంగతి ఆషాఢంలో చూసుకుందాం.