పొరుగు కట్టడము – వర్తకుని నష్టము

మన పట్టణములలో బజారువీథిని పాత మిద్దె కూల్చి అయిదంతస్తుల మేడ లేపుట నేడు నిత్యకృత్యమైనది. ఆ దుమ్ముచే ప్రక్క బట్టలకొట్టులో సరకు చెడును. మిఠాయి దుకాణమునకు గిరాకి పడిపోవును. వర్తకుడు మొర పెట్టుకొన్నచో, "నా స్థలములో నేను కట్టుకొనుచున్నాను, నీకేమి?" యని స్థలస్వామి గర్జించును. ఈ గర్జనకు చట్టమున ఎంత బలము గలదు?

1937లో లండను అప్పీలుకోర్టు తీర్చిన వ్యాజ్య మొకటి మన న్యాయవాదులకు సుపరిచితము. సెల్ఫ్‌రిడ్జి అను గొప్ప దుకాణమువారు తమ మందిరమును విస్తరింప బూని ప్రక్కయిండ్లను కూల్చి, కొత్త కట్టడము లేపిరి. రాత్రింబవళ్లు యంత్రముల రొద, పైని దుమ్ము. చెంతనున్న చిన్న హోటలు యజమానురాలు వ్యాపారము చెడి దావా వేసెను. క్రిందికోర్టు 4,500 పౌనులిప్పింపగా, అప్పీలుకోర్టు దానిని 1,000కి తగ్గించెను. ప్రతివాదులు గెలిచిరని తలపరాదు. తగు జాగ్రత్తతో కట్టునపుడు తప్పని యిబ్బందిని పొరుగువారు సహింపవలసినదే. హద్దు మీరిన దానికి మాత్రము కట్టువాడు నష్టపరిహార మీయవలెను. జాగ్రత్త పడితిననువాడే దానిని ఋజువు చేసికొనవలెను. స్వలాభమునకై పొరుగువారి ఒక్కరాత్రి నిద్ర చెరచుటయు క్షమార్హము కాదని ఆ న్యాయస్థానము పలికినది.

ఈ న్యాయము సమంజసమే కాని, చిన్న వర్తకునిపట్ల కొంత కఠినమని మా యభిప్రాయము. తప్పని నష్టమంతయు అతని నెత్తిననే పడుచున్నది. లాభము మాత్రము మేడవానిది.

ఇక గోడ కూలినచో "కంట్రాక్టరు చేసినాడు, నేనెరుగ"నుట పరిపాటి. 1881లోనే ఇంగ్లండు ప్రభువులసభ ఈ సాకును త్రోసివైచినది. న్యూకాసిలులో ఇరువదేండ్లకు పైగా నిలిచిన బండ్ల కర్మాగారమొకటి పొరుగువారి త్రవ్వకముచే కూలగా, పని కంట్రాక్టరుదైనను చేయించినవారికి బాధ్యత తప్పలేదు. మన 1882 నాటి ఈజుమెంట్ల చట్టమునను, కట్టడమునకు పొరుగునేల యిచ్చు ఆధారము ఇరువదేండ్ల యనుభవముచే హక్కుగా స్థిరపడును.

హక్కున్నను సాక్ష్యము లేనిది కోర్టు ఏమి చేయగలదు? మన వర్తకులు మేడ పూర్తియగువరకు గొణుగుచుందురు. పిమ్మట వకీలు గుమ్మ మెక్కుదురు. అప్పటికి దుమ్ము ఉండదు, రొద ఉండదు, కొందరికి దుకాణమే ఉండదు! పని సాగుచుండగనే వ్రాతమూలకముగ నోటీసు ఈయవలెను. పూర్వపు అమ్మకము, నేటి అమ్మకము తెలుపు చిట్టా ఆవర్జాలు భద్రపరుపవలెను. అవసరమైనచో తాత్కాలిక ఇంజంక్షను కోరి, స్థలపరీక్షకు కమీషనరును వేయించుకొనవలెను.

పురపాలక సంఘములకును ఒక మాట. పునాది త్రవ్వకముందే ఇరుగుపొరుగు గోడల పగుళ్లను ఉభయపక్షములు కలిసి చూచి వ్రాసికొనవలెనను షరతును ప్లాను మంజూరుతోనే నిర్బంధముగ విధింపవలెను. దీనికగు ఖర్చు మేడ కట్టువానికి లెక్కలోనిది కాదు.