చిన్నాయన ఖాతా పుస్తకంలో లేని లెక్క

మొన్న దసరాకి వీపనగండ్ల వెళ్ళినప్పుడు ఒక పూట మా చిన్నాయన ఎరువుల దుకాణంలో కూర్చున్నాను. ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఇంజనీరంటే ప్రింటరు బాగుచేసేవాడు, ఫోను స్లో అయితే చూసేవాడు అని అర్థం (హైదరాబాదులో ఏం చేస్తానో చెప్పి చెప్పి మానేశాను). ఈసారి ప్రింటరు కాదు, ఒక అట్టఫైలు నా ముందు పడేశాడు.

"ఏడాదికోసారి ఎవడో ఒకడు ఫోన్ చేసి రెన్యువల్ అంటడు. నేను కడ్తనే ఉన్న. జర చూడురా ఏందో."

చూశాను. బిల్లింగు సాఫ్ట్‌వేరుకి ఏడాదికి 9,000. ఆఫీసు సాఫ్ట్‌వేరుకి 5,000. దుకాణం పేరుతో వెబ్‌సైటుకి 4,000 (తెరిస్తే ఏమీ రాలేదు). ఎస్సెమ్మెస్ ప్యాకు 3,000. మూడు కంప్యూటర్లకి యాంటీవైరస్ 2,700, దుకాణంలో ఉన్నది ఒక్కటే కంప్యూటరు! ఆన్‌లైను బ్యాకప్ 1,500. మొత్తం 25,200. అందులో నిజంగా వాడుతున్నది బిల్లింగు, బ్యాకప్, నెలకి రెండు ఉత్తరాలు రాసుకోడానికి ఆఫీసు.

మా చిన్నాయన లెక్కలు రాని మనిషేం కాదు. ఏ రైతు ఎన్ని బస్తాలు పట్టుకుపోయాడో, ఎవరు వేరుశనగ అమ్మినాక కడతానన్నారో, ఎవరు వరి కోతల తరవాతన్నారో, ఖాతా పుస్తకం తియ్యకుండానే చెప్తాడు. ఆయనకి రావాల్సిన బాకీల్లో ఒక్క రూపాయి తప్పిపోదు. కానీ ఆయన దగ్గర్నుంచి పోయేదానికి ఏ పుస్తకమూ లేదు.

సరే, డబ్బు సంగతి ఇంతే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. అసలు కథ తరవాత మొదలైంది.

బిల్లింగులోకి వెళ్ళాలి, పాస్‌వర్డేంటని అడిగితే కౌంటర్లో కుర్రాడు గడగడా చెప్పేశాడు. దుకాణం పేరు, పక్కన 123. చిన్నాయనదీ అదే, కుర్రాడిదీ అదే, వనపర్తిలో ఉండే అకౌంటెంటుదీ అదే. రెండేళ్ళ కిందట మానేసి వెళ్ళిన కుర్రాడికీ అదే తెలుసు. జీఎస్టీ పోర్టలుకీ అదే.

"అందరికీ ఒక్కటే ఏంది చిన్నాయనా?" అన్నా.

"ఇంకో మనిషికి పెట్టాలంటే ఇంకో ఆరు వేలు అడిగిండు. ఎందుకు దండుగ?"

ఆ జవాబు విన్నాక నాకు ఆయన్ని తిట్టాలనిపించలేదు. సెక్యూరిటీ గురించి మాట్లాడేవాళ్ళంతా చిన్న వ్యాపారస్తులకి తెలివి లేదనీ, పాస్‌వర్డులు పంచుకుంటారనీ అంటుంటారు. తెలివి లేకపోవడం కాదండీ, లెక్క తెలియడం వల్లే పంచుకుంటున్నారు. మనిషికింత అని ధర పెట్టింది మనవాళ్ళే. వాళ్ళు చేసింది ఆ ధరకి తగ్గ పని. చిన్న దుకాణంలో పాస్‌వర్డు సమస్య సగం ఖర్చు సమస్యే. రెంటినీ వేర్వేరుగా చూస్తే రెండూ తీరవు.

ఖరీదు ఎక్కడ పడుతుందో కూడా చెప్పాలి. జీఎస్టీ రిజిస్ట్రేషను అప్పట్లో ఆ మానేసిన కుర్రాడే చేశాడు, తన మొబైల్ నంబరుతో. ఓటీపీలు ఇప్పటికీ అతనికే వెళ్తున్నాయి. రిటర్ను వెయ్యాల్సిన ప్రతిసారీ చిన్నాయన అతనికి ఫోన్ చేసి అడుగుతాడు. కుర్రాడు మంచోడు కాబట్టి చెప్తున్నాడు. అలిగినా, సిమ్ మార్చినా, ఎవరైనా ఆశ పెట్టినా దుకాణం గతేంటి?

ఇది మా ఒక్క దుకాణం గోల కాదు. 2018 జూలైలో కేంద్ర ఆర్థిక శాఖ దీని మీదే ఒక ప్రకటన ఇచ్చింది. రిజిస్ట్రేషన్లు చేసిపెట్టిన మధ్యవర్తులు తమ సొంత ఈమెయిలు, ఫోను నంబర్లు ఇచ్చుకుని, తరవాత వివరాలు చెప్పకుండా వ్యాపారస్తుల్ని ఇబ్బంది పెడుతున్నారని ఫిర్యాదులు వచ్చాయట. అలాంటివాళ్ళు తమ పరిధిలోని పన్ను అధికారి దగ్గరికి ఆధారాలతో వెళ్ళి ఈమెయిలు, నంబరు మార్పించుకోవచ్చని దారి చూపించింది.

ఇంకో సంగతి. అకౌంటెంటుకి పోర్టల్ పాస్‌వర్డు ఇవ్వక్కర్లేదు. ఆయన జీఎస్టీ ప్రాక్టీషనరుగా నమోదై ఉంటే, పోర్టల్లోనే ఆయన్ని నియమించుకోవచ్చు, వద్దనుకుంటే తీసెయ్యొచ్చు. ఆయన తన సొంత లాగిన్‌తో పని చేసుకుంటాడు. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇంతకీ మేం ఏం చేశామంటే, ఒక కొత్త ఖాతా పుస్తకం తెచ్చాం. ఒక్కో సాఫ్ట్‌వేరుకి ఒక పేజీ. ఏం కొన్నాం, ఎంత, ఏ తారీఖున అయిపోతుంది, ఏ ఫోను నంబరు ఏ ఈమెయిలు మీద ఉంది, లోపలికి వెళ్ళగలిగేవాళ్ళు ఎవరెవరు. అంతే. ప్రతి పేజీకీ ఒకే ప్రశ్న వేసుకున్నాం: ఇది రేపు ఆగిపోతే దుకాణానికి ఏమవుతుంది?

వెబ్‌సైటు, ఎస్సెమ్మెస్ ప్యాకు కొట్టేశాం. యాంటీవైరస్ తీసేశాం, విండోసులో డిఫెండరు ఉండనే ఉంది, అప్‌డేట్లు ఆపకుండా ఉంటే చాలు. రెండు ఉత్తరాలకి లిబ్రేఆఫీసు సరిపోతుంది, అది ఉచితం. మిగిలింది 14,700. అందులోంచి ఆరు వేలు పెట్టి కౌంటర్లో కుర్రాడికి వేరే లాగిన్ కొన్నాం. అయినా 8,700 మిగిలింది. దుబారా ఆపిన డబ్బే తాళం కొనిపెట్టింది.

బిల్లింగు జోలికి మాత్రం పోలేదు. చందా అంటేనే దోపిడీ అనేవాళ్ళతో నేను ఏకీభవించను. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు సూక్ష్మపోషకాల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. ఆ మార్పు సాఫ్ట్‌వేరులో దానంతటదే వచ్చింది. ఆ తొమ్మిది వేలకి పని జరుగుతోంది. 2013లో అడోబీ తన ముఖ్యమైన ప్రోగ్రాముల్ని చందా మీదకి మార్చేసినప్పట్నుంచీ ఈ పద్ధతి అంతటా పాకింది. అన్నీ ఒకే రకం కావు. పని చేసే చందా, ఊరికే కట్టే చందా అని రెండున్నాయి.

ఊరికే కట్టేవాటిని పట్టుకోడానికి ఒక మార్గం ఉంది. కార్డు మీద ఆటోమేటిగ్గా కట్ అయ్యేవాటికి కనీసం 24 గంటల ముందు కబురు పంపాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు నుంచి గట్టిగా అమల్లోకి వచ్చింది. చిన్నాయనకీ వచ్చాయి ఆ మెసేజీలు. ఇంగ్లీషులో, లోన్ల మెసేజీల మధ్యన. చూడలేదు. అందుకే తారీఖులు పుస్తకంలో ఎక్కించాం.

ఇక పాస్‌వర్డులు. ఒక్కోదానికి ఒక్కోటి, పొడుగ్గా పెట్టి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టించాను. నవ్వకండి. కాగితం మీద రాసి పర్సులో దాచుకోమని సెక్యూరిటీ పండితుడు బ్రూస్ ష్నయర్ 2005లోనే చెప్పాడు. వీపనగండ్లలో బీరువా తాళం పగలగొట్టడానికి రష్యా నుంచి ఎవడూ రాడు. కంప్యూటరు అలవాటున్నవాళ్ళయితే కీపాస్, బిట్‌వార్డెన్ లాంటివి వాడండి, ఉచితంగానే దొరుకుతాయి. నెలకోసారి మార్చమనే పాత సలహా మర్చిపోండి, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లో దాన్ని వదిలేసింది. మనిషి పని మానేసిన రోజున మాత్రం మార్చి తీరాలి. ఆఖరి జీతం ఇచ్చే పూటే.

చివరిగా నా వృత్తివాళ్ళకో మాట. చిన్న దుకాణానికి అమ్మే సాఫ్ట్‌వేరులో ఇద్దరు ముగ్గురికి లాగిన్లు అసలు ధరలోనే కలపండి. తాళం వేసుకోడానికి కూడా మనిషికింత అని వసూలు చేసి, తరవాత తాళం వెయ్యలేదని జనాన్ని అనడం బాగుండదు.

నేను తిరిగొచ్చేలోపు చిన్నాయన పన్ను ఆఫీసుకి కాగితాలు సిద్ధం చేసుకున్నాడు. నిన్న ఫోన్ చేశాడు. నంబరు మారిందట, ఓటీపీ తన ఫోనుకే వచ్చిందట. కుర్రాడికి ఫోన్ చేసి ఇన్నాళ్ళూ చెప్పినందుకు మంచిమాట కూడా అన్నాడట.