పెద్ద సిలిండర్ అడిగితే ప్రాణానికి భరోసానా?

త్రిపురాంతకం, మార్కాపురం వైపు నుంచి విశాఖ వెళ్లి, రుషికొండ దగ్గర స్కూబా డైవింగ్ చేద్దామనుకునే కుర్రాళ్లకు ఒక సలహా దొరుకుతుంది: "ఆక్సిజన్ సిలిండర్ పెద్దది అడుగు, ఇక భయం లేదు." ఒక్క వాక్యంలో ఇన్ని తప్పులు పట్టించడం కూడా నేర్పే!

అసలది ఆక్సిజన్ సిలిండరే కాదు. మనం పీల్చే గాలినే వడగట్టి, ఒత్తిడితో నింపుతారు. అచ్చమైన ఆక్సిజన్ పీలుస్తూ ఆరు మీటర్లు దాటి దిగితే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది.

ఇక సైజు సంగతి. నీళ్ల ట్యాంకర్ ఎన్ని లీటర్లదో చెబితే ఎన్ని ఇళ్లకు సరిపోతుందో మన ఊళ్లలో ఎవరైనా చెబుతారు. ఆ లెక్క సముద్రంలో చెల్లదు. లోతు పెరిగేకొద్దీ ఒత్తిడి పెరిగి, గాలి ఖర్చూ పెరుగుతుంది. ఎక్కువగా వాడే అల్యూమినియం సిలిండర్ లోపలి కొలత 11.1 లీటర్లు. 207 బార్ల ఒత్తిడితో నింపితే అందులో సుమారు 2,300 లీటర్ల గాలి పడుతుంది. అత్యవసరానికి 50 బార్లు మిగిల్చుకోవాలి కాబట్టి వాడుకోదగింది 1,740 లీటర్లే. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 20 మీటర్ల లోతులో 60 లీటర్లు కావాలి. అంటే 29 నిమిషాలు. 30 మీటర్ల దగ్గర 21 నిమిషాలు.

అక్కడే ఉంది అసలు కిటుకు. పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగి, ఒంట్లో చేరిన నత్రజని వదిలించుకోవాల్సిన అవసరం లేకుండా 30 మీటర్ల లోతులో ఉండగలిగేది, డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడీ పట్టిక ప్రకారం, 20 నిమిషాలే. అంటే మామూలు సిలిండరే ఆ హద్దుకు సరిపోతోంది. 15 లీటర్లది తగిలించుకుంటే మిగిలే గాలి ఆ హద్దు దాటమని ఊరిస్తుంది. పైగా మోయలేని బరువు. భారీ మనిషికి, గాలి ఎక్కువ పీల్చేవాడికి అది అవసరమే కావచ్చు, కాదనను. సన్నపాటి మనిషికి 10 లీటర్లదే హాయి.

అల్యూమినియంది ఖాళీ అయ్యేకొద్దీ తేలుతుంది, ఉక్కుది తేలదు. మునగడానికి నడుముకు ఎంత సీసం కట్టాలో దాన్నిబట్టే ఉంటుంది. ఇదీ సిలిండర్ ఎంపికలో భాగమేనని సలహాదారులకు ఎవరు చెప్పాలి?

తొలిసారి దిగేవారిని శిక్షకుడు 12 మీటర్లు దాటనివ్వడు. అంత లోతుకు సిలిండర్ సైజు గురించి బేరమాడటం దండగ. దానికి బదులు సిలిండర్ మెడ దగ్గర కొట్టిన పరీక్ష తేదీ చూడండి, గేజ్ ముల్లు 200 దగ్గరుందో లేదో చూడండి, శిక్షకుడి సర్టిఫికెట్ అడగండి.