రెండేండ్ల కౌలు

1947 జనవరి 4వ తేదీని ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలకు శంకుస్థాపన జరిగెను. శ్రీ కె. యస్. కృష్ణన్‌గారు దానికి తొలి డైరెక్టరు. నేడు దేశమున ప్రయోగశాలలకు కొదువ లేదు, కొదువయెల్ల గడువునందే. డాక్టరు పట్టమునొందిన యువజనుల కిచ్చు జాతీయ పోస్ట్ డాక్టొరల్ ఫెలోషిప్పు రెండేండ్లకే పరిమితము. క్రొత్త పదార్థమును శుద్ధిచేసి, స్ఫటికముగా పెంచి, దాని గుణములను కొలుచునప్పటికే ఏడాది గడచును. రెండవయేడు తఱచు మఱియొక కొలువు వెదకుటతోనే సరిపోవును. రెండేండ్ల కౌలుదారు మామిడితోట నాటునా? అట్టివారు విదేశములకు పోవుచున్నారని నిందించుట న్యాయము గాదు. గడువును నాలుగేండ్లకు పెంచవలెను. వేతనము నెలనెలా తప్పక యందవలెను. సమర్థులకు ఆ ప్రయోగశాలలోనే స్థిరోద్యోగమునకు త్రోవ యుండవలెను. ఇంతకు తక్కువైనది ఏర్పాటు గాదని మా యభిప్రాయము.