నక్షత్రం గుర్తున్న బిళ్ళకు లక్షలు రావు తమ్ముడూ

ఈ మధ్య క్యాంపుల్లో ఒకటే ముచ్చట. సెలవు మీద ఊరికి పోయి వచ్చినప్పుడు బ్యాగులో మిగిలిన చిల్లర బయటికి తీసి, ఫోన్ లైటు వేసి చూస్తున్నారు. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే అచ్చు తప్పు పడ్డట్టేనని, లక్షలు వస్తాయని వీడియోలు తిరుగుతున్నాయి కదా, అందుకు.

ఆ నక్షత్రం తప్పూ కాదు, అరుదూ కాదు. అది మన హైదరాబాద్ టంకశాల గుర్తు. దేశంలో నాణేలు కొట్టే టంకశాలలు నాలుగు. ముంబయిది డైమండ్ గుర్తు, నోయిడాది గుండ్రటి చుక్క, కోల్‌కతా వాళ్లు ఏ గుర్తూ పెట్టరు. చర్లపల్లిలో తయారైన బిళ్ళ మన కిరాణా కొట్టులో దొరకడం వింతేం కాదు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 2012 నాటి 5, 10 రూపాయల బిళ్ళలు కూడా అంతే. ఆ దేవస్థానం బోర్డుకు 25 ఏళ్లు నిండిన సందర్భంగా ప్రభుత్వమే వేసింది.

మరి నిజమైన తప్పును ఎట్లా పట్టాలి? మన పనిలో పిల్లర్ మీద లోపం కనిపిస్తే మొదట ఏం అడుగుతాం? కాంక్రీటు పోసేటప్పుడు వచ్చిందా, సెంట్రింగ్ విప్పినాక ఏదైనా తగిలి వచ్చిందా అని. నాణేనికీ అదే ప్రశ్న. టంకశాల లోపల తయారీలో వచ్చిందే తప్పు. బయటికొచ్చినాక తగిలింది దెబ్బ. దెబ్బకు విలువ లేదు.

గీత కనిపిస్తే గోరుతో తడమండి. లోపలికి దిగి ఉంటే గీసుకుపోయినట్టే. పైకి ఉబ్బి ఉంటే అచ్చు పగిలి ఉండొచ్చు. సింహాల బొమ్మ నిటారుగా పట్టుకొని, పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పండి. ఇప్పటి మన బిళ్ళల్లో వెనక వైపు కూడా నిటారుగానే ఉండాలి. కొంచెం ఒరగడం మామూలే. బాగా పక్కకు గానీ, తలకిందులుగా గానీ ఉంటే అచ్చు తిరిగిందని అర్థం. బొమ్మ ఒక పక్కకు జరిగి, ఇంకో పక్క చంద్రవంకలాగా ఖాళీగా మిగిలితే బిళ్ళ సరిగ్గా కూర్చోకముందే దెబ్బ పడిందన్నట్టు. రైలు పట్టాల మీద పెట్టి సాగగొట్టిన బిళ్ళ, గ్రైండర్ పెట్టి అరగదీసిన బిళ్ళ ఈ లెక్కలోకి రావు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా సైట్లో ఒక పిల్లగాడు నక్షత్రం బిళ్ళ అమ్ముదామని ఫోన్ చేసిండు. రిజిస్ట్రేషన్ అని ఒకసారి, ట్యాక్స్ అని ఇంకోసారి వాని దగ్గరే పైసలు గుంజిండ్రు. బిళ్ళ వాని దగ్గరే ఉంది, నెల జీతం పోయింది. రూమోళ్లంతా పగలబడి నవ్విండ్రు. నాకు ఆ నవ్వు నచ్చలేదు. ఇంటి మీద బాకీ ఉన్నోడు ఆశపడటం తప్పెట్లయితది? తెలిసినోడు ముందే ఒక మాట చెప్పి ఉంటే ఆ పైసలు ఇంటికి చేరేవి. మనం నవ్వితే, రేపు మోసపోయే ఇంకొకడు ఎవరికీ చెప్పుకోడు. అట్లాంటి నోరుమూసుకునే వాళ్ల మీదనే మోసగాళ్లు బతుకుతున్నారు.

పాత నోట్లు, నాణేలు కొనడం అమ్మడం మా పని కాదు, వాటికి ఫీజులు, కమీషన్లు మేం అడగం అని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే చెప్పింది. కాబట్టి ఆ బ్యాంకు పేరు చెప్పి ఎవరు ఫోన్ చేసినా పెట్టేయండి. నిజంగా కొనేవాడు బిళ్ళను చేతిలోకి తీసుకొని చూస్తాడు, పైసలు ఇస్తాడు. మన దగ్గర అడగడు. ఎవరో అమ్మకానికి పెట్టిన రేటు చూసి మురిసిపోకండి, ఎంతకు అమ్ముడుపోయిందో అది చూడండి.

చిల్లర చూడటం మంచి సరదా. శుక్రవారం తీరిక దొరికితే నేనూ చూస్తా. మీకు అనుమానం ఉన్న బిళ్ళ ఉంటే రెండు వైపులా ఫొటో తీసి కింద పెట్టండి, అందరం కలిసి చూద్దాం. పైసలు పంపకముందు పెట్టండి.