పైరు నోటి నీళ్లు కాంక్రీటుకా?

పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలు వదిలిన నీళ్లు నక్కవాగును ఏం చేశాయో అక్కడి రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. ఆ కేంద్రం శుద్ధిచేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ మందు ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు.

ఇప్పుడు ఫ్యాక్టరీ నీళ్లను కాంక్రీటులో వాడుకోవచ్చంటున్నారు. మేము వద్దనం. ఘనమీటరు కాంక్రీటు కలపడానికే 150 నుంచి 200 లీటర్లు కావాలి. ఆపైన కనీసం వారం రోజులు తడుపుతుండాలి. నగరం చుట్టూ ఈ నీళ్లు ఎక్కడివి? చాలాచోట్ల పల్లె బోర్లవే. ట్యాంకరు కదులుతుంది, పక్కన మడి ఎండుతుంది.

అట్లాగని ఏ నీళ్లుబడితే ఆ నీళ్లు పోస్తే కుదరదు. ఐ.ఎస్. 456 ప్రమాణం ప్రకారం, ఇనుము వేసే కాంక్రీటుకు లీటరు నీటిలో క్లోరైడ్లు 500 మిల్లీగ్రాములు మించరాదు. మించితే చువ్వ తుప్పు పడుతుంది. 28 రోజుల దిమ్మ బలం, స్వేదనజలంతో చేసిన దిమ్మ బలంలో 90 శాతానికి తగ్గరాదు. కాని ఈ పరీక్ష గోడ గట్టిదనాన్నే చూస్తుంది. ఆ నీళ్లలో చేతులు పెట్టే తాపీ మేస్త్రి, కూలీల ఒంటిని చూడదు.

అందుకే మేమంటున్నాం: కాంక్రీటు ప్లాంట్లు తమ లారీలు కడిగిన నీళ్లను ముందు తామే తిరిగి వాడాలి. మందుల నీళ్లకు పూర్తి శుద్ధి జరగాలి, ఖర్చు యజమానులే పెట్టుకోవాలి. పరీక్షల లెక్కలు పంచాయితీ గోడకు తెలుగులో అంటించాలి. మిగిలిన బోరు నీళ్లు పొలానికే దక్కాలి. వాగును పాడుచేసినవాళ్లు కాంక్రీటు చాటున దాక్కుంటామంటే రైతాంగం ఒప్పుకోదు.