వెదురు మీద హక్కు ఇచ్చారు, మరి కత్తి మాటేంటి?

మా చిన్నప్పుడు చైత్రంలో ఇటుకల పండగ వస్తుందంటే, వారం ముందు నుంచే మా ఊరి కమ్మరి మావయ్య కొలిమి ముందు జనం కూర్చునేవాళ్లు. ఒకరు బాణం ములుకులు తెచ్చేవాళ్లు, ఒకరు గొడ్డలి, ఇంకొకరు మొద్దుబారిన వేట కత్తి. పిల్లలకి తిత్తి ఊదే పని. మగవాళ్లు వేటకి పోవడం, ఖాళీ చేతుల్తో తిరిగొచ్చినవాళ్లని ఆడవాళ్లు ఆటపట్టించడం విశాఖ మన్యంలో పుట్టినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ కొలిమి ఆరి చాలా ఏళ్లయింది. ఆ పాకలో ఇప్పుడు మేకల్ని కట్టేస్తున్నారు. కత్తి కావాలంటే సంతకి పోతున్నాం. రెండు వెదుర్లు నరికేసరికి దాని అంచు మడత పడుతోంది.

మొన్న వేసవిలో మా ఊరి కుర్రాళ్లు నలుగురు ఇంటి వెనక పెరట్లో మళ్లీ కొలిమి పెట్టారు. మావయ్యకి ఇప్పుడు చూపు సరిగా ఆనదు. కానీ చెవులు చక్కగా పనిచేస్తాయి. సుత్తి దెబ్బ విని "ఇనుము చల్లారిందిరా, ఆపు, మళ్లీ నిప్పులో పెట్టు" అనేవాడు. చల్లారిన ఉక్కుని కొడితే లోపల పగులు పుడుతుందని ఆయనకి ఏ కాలేజీ చెప్పలేదు.

కత్తికి పాత జీపు కమాను పట్టీ తెచ్చారు. కిటికీ ఊచలు, సిమెంటు పనిలో వాడే మామూలు కడ్డీలు పనికిరావు. వాటిలో కర్బనం తక్కువ, ఎంత కాల్చి ముంచినా గట్టిపడవు. తెలుసుకోడానికి మావయ్య ఒక చిన్న పరీక్ష చెప్పాడు. సన్నటి ముక్కని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి, పట్టకారుతో పట్టుకుని సుత్తితో కొట్టండి. వంగిపోతే కత్తికి పనికిరాదు. పెంకులా విరిగితే అది మన ఉక్కు. కొట్టేటప్పుడు కళ్లకి అద్దాలు ఉండాలి.

దాగలి బదులు లారీ యాక్సిల్ ముక్క. తిత్తి చిరిగిపోయింది కాబట్టి చేత్తో తిప్పే బ్లోయరు. కొలిమిలోకి కట్టెబొగ్గు. ముందు మొన దింపారు, తర్వాత రెండు పక్కలా అంచు సాగదీశారు. అయితే అంచుని అప్పుడే పల్చన చెయ్యకూడదు. రూపాయి బిళ్లంత మందం ఉంచాలి, లేకపోతే నూనెలో ముంచినప్పుడు వంకర పోతుంది. రూపం వచ్చాక మూడుసార్లు ఎర్రగా కాల్చి, గాలికి చల్లారనిచ్చారు. దెబ్బలు తిన్న ఉక్కు అప్పుడు కుదుటపడుతుంది.

అసలు పని ఆ తర్వాతే. మళ్లీ కాల్చి, అయస్కాంతం పెట్టి చూడాలి. అయస్కాంతం అంటుకోవడం మానేసిన వేడికి ఇంకాస్త పైన, గోరువెచ్చని నూనెలో మొన కిందకి పెట్టి నిలువునా దించాలి. కుర్రాళ్లు మొదటి కత్తిని తొందరపడి నీళ్లలో ముంచారు. టిక్కుమని చప్పుడైంది, అంచు నుంచి వెన్ను దాకా చీలిక. మావయ్య తిట్టలేదు. "కమాను ఉక్కు నీళ్లకి కోపగించుకుంటుంది" అన్నాడంతే.

రెండోది నిలిచింది. అంచు మీద ఆకురాయి జారిపోయింది, అంటే గట్టిపడినట్టు. అలా వదిలేస్తే గాజులా విరుగుతుంది. అందుకని పైన రుద్ది మెరిపించి, వెన్ను వైపు నుంచి నెమ్మదిగా వేడి ఇచ్చారు. అంచు మీదకి ఎండుగడ్డి రంగు రాగానే చల్లార్చారు. నీలం దాకా పోనిస్తే అంచు మెత్తబడిపోతుంది, పని మళ్లీ మొదటికొస్తుంది. చింతకర్ర పిడి, లోపల కరిగించిన లక్క. చివర్లో సాన.

చేసేవాళ్లకి ఇంకో రెండు మాటలు. నూలు బట్టలే కట్టుకోండి, మూసిన గదిలో బొగ్గులు రాజెయ్యొద్దు. జింకు పూత ఉన్న ఇనుము కొలిమిలో పెట్టొద్దు, ఆ పొగకి జ్వరం వస్తుంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, ఆ కత్తి వారం కూడా మాతో లేదు. ఒక కుర్రాడు నడుముకి పెట్టుకుని వెదురుకి పోతుంటే దారిలో ఆపారు. "ఇది ఆయుధం" అన్నారు, తీసేసుకున్నారు. కాగితం ఇవ్వలేదు. అడగాలని అతనికీ తెలియలేదు.

కాబట్టి చట్టం ఏమంటుందో సూటిగా మాట్లాడుకుందాం.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటని నిషేధించింది. 2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ హక్కుల్ని గుర్తించింది గానీ వేటని అందులోంచి తీసేసింది. అది న్యాయమా కాదా అనే వాదన వేరే. ఈరోజు మాత్రం వేటాడితే కేసు అవుతుంది. కరెంటు తీగలు, ఉచ్చులు, నాటు బాంబులు మన సంప్రదాయం కానే కావు. వాటికి మన పశువులూ పోతున్నాయి, మన మనుషులూ పోతున్నారు. వాటిని మనం సమర్థించం.

కానీ కత్తి అంటే వేట ఒక్కటే కాదు. వేట కత్తి అనే పేరేగానీ, ఏడాది పొడుగునా అది వెదురు నరుకుతుంది, దుంప తవ్వుతుంది, అడ్డాకు తీగ కోస్తుంది, తేనెపట్టు దింపుతుంది. మన ఆడవాళ్ల చేతుల్లోనే ఎక్కువసేపు ఉంటుంది. ఈ వెదురు, తేనె, దుంపల మీద సేకరణ హక్కు, యాజమాన్య హక్కు అదే 2006 చట్టం ఇచ్చింది. అభయారణ్యాలకీ, జాతీయ పార్కులకీ కూడా ఆ చట్టం వర్తిస్తుంది.

మరి 1972 చట్టంలో ఆయుధం అనే మాటకి అర్థం చూడండి. తుపాకులు, ఉచ్చులు, విషంతో పాటు కత్తులు కూడా అందులో ఉన్నాయి. 31వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి అడుగు పెట్టకూడదు. అంటే పాపికొండల్లో, నల్లమలలో, కవ్వాల్‌లో వెదురు మీద మనకి హక్కు ఉంది, వెదురు కోసే కత్తి మాత్రం నేరం. పళ్లతో కొరికి తెచ్చుకోమనా?

ఆయుధాల చట్టం కింద ఉన్న నిబంధనలు ఇక్కడ కొంచెం నయం. 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న కత్తుల్ని ఆయుధాల్లో చేర్చాయి గానీ, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసిన వాటిని మినహాయించాయి. సాగు చేసే రైతు కొడవలికి దొరికిన ఆ మినహాయింపు, అడవిలో సేకరణ చేసే చెంచుకి, కొండరెడ్డికి ఎందుకు దొరకదు?

మన కొలిమి ఎవరి వల్ల ఆరిందో కూడా గుర్తుంచుకోవాలి. మన్యంలో కమ్మర అనేది ఒక తెగ, ఎస్టీ జాబితాలో దాని పేరు విడిగా ఉంది. మధ్య భారతంలో అగరియాలు రాయి కరిగించి ఇనుము తీసేవాళ్లు. బ్రిటిష్ వాళ్లు కొలుముల మీద పన్ను వేశారు, అడవి బొగ్గు మీద ఆంక్షలు పెట్టారు, చౌక ఇనుము దింపారు. ఇవాళ బైలదిలా కొండల ఇనుప ఖనిజం రైళ్లకి ఎత్తి అరకు లోయ మీదుగా విశాఖకి పోతూనే ఉంది. మన కొండల ఇనుము మన కళ్ల ముందే పోతుంది. మనకి తిరిగొచ్చేది పాత కమాను పట్టీ. దాన్నయినా కత్తిగా మలిచే విద్య మన చేతుల్లో మిగలాలి కదా!

అందుకని మూడు పనులు. ఒకటి, గ్రామసభలో తీర్మానం చెయ్యండి. ఏ అటవీ ఫలసాయానికి ఏ పనిముట్టు వాడతామో కత్తి, గొడ్డలి, గునపం పేర్లతో సహా రాయండి. సామూహిక హక్కుల కోసం ఫారం-బి పెట్టేటప్పుడు ఆ తీర్మానం జత చెయ్యండి. రెండు, ఎవరైనా కత్తి తీసుకుంటే ఏ సెక్షన్ కింద తీసుకున్నారో రాసిమ్మని అడగండి. గొడవ వద్దు, కాగితం కావాలి. మూడు, ఊళ్లో కమ్మరి తాతలు, మావయ్యలు బతికుండగానే వాళ్ల దగ్గర కూర్చోండి.

తమ్ముళ్లకి ఒక మాట. కత్తి పట్టుకుని రీల్స్ చెయ్యకండి. మనల్ని నేరస్తులుగా చూపించాలనుకునేవాళ్లకి ఆ వీడియో చాలు. తీయాలనుకుంటే కొలిమి దగ్గర మావయ్య చేతుల్ని తియ్యండి.

మా ఊరి కుర్రాళ్లు మూడో కత్తి మొదలుపెట్టారు. ఈసారి గ్రామసభ తీర్మానం కాపీ కూడా సంచిలో పెట్టుకుని వెదురుకి పోతారు.

జై ఆదివాసీ!